అరుగు లేని బజారు

మా బాపుది మహబూబ్‌నగర్ పాత బజారులో బట్టల దుకాణం. ముందు షాబాదు బండల అరుగు, దాని మూల మీద దర్జీ చాచా కుట్టుమిషను. పల్లెలవాళ్లు బస్సు దిగి నేరుగా వచ్చి అరుగు మీద మూటలు దించి, కుండలో నీళ్లు తాగి, దవాఖానకో సర్కారు కచేరీకో పోయి వచ్చి తీరిగ్గా గుడ్డ కొనేవాళ్లు. కొన్న గుడ్డ అక్కడే చాచా చేతిలో పడేది.

తొంభైల మొదట్లో బస్టాండు దిక్కు అద్దాల దుకాణాలు లేచాయి. మా బజారు పలచబడింది. బజారు పెద్దలంతా కూర్చుని, మనమూ హైదరాబాదు లెక్క తయారుకావాలన్నారు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, ఉన్న అరుగులన్నీ పగలగొట్టి అద్దాల తలుపులు బిగించారు. అందరికన్నా ముందు మా బాపే.

"ఫికర్ చెయ్యకు, లోపల నీకు జాగా చూస్త" అన్నాడు చాచాతో. లోపలి జాగా షోకేసులకే చాలలేదు. మిషను చాచా ఇంటికి పోయింది. నాకు ఒళ్లు మండింది. నా చిన్నప్పటి గౌన్లన్నీ కుట్టిన మనిషి ఆయన.

పెళ్లిళ్ల కాలం వచ్చినా జనం రాలేదు. ఒకరిద్దరు వచ్చినా, చెప్పులు విడవాలో వద్దో తెలియక తలుపు దగ్గరే తచ్చాడి వెళ్లిపోయేవాళ్లు. బాపుకు అన్నం సహించేది కాదు. ఇక్కడి దుకాణం ఎత్తేసి జడ్చర్లలో ఒక మడిగె కిరాయికి తీసుకుందామని అమ్మతో అన్నాడు. చాచా బతుకుదెరువుకు బొంబాయి పోతున్నాడని కూడా బాపే చెప్పాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ వారంలోనే, ఏళ్లుగా మా దగ్గరే కొనే ఒక అవ్వ కొడుకులనూ కోడళ్లనూ వెంటబెట్టుకుని వచ్చింది. తల మీద మూటతో తలుపు బయటే నిలబడిపోయింది. బాపు ఎదురెళ్లి లోపలికి రమ్మన్నాడు.

"మూట యాడ దించాలె బిడ్డా? మనుమరాలి లగ్గం బట్టలు నీ కాడనే తీసుకుందామని వచ్చినం. కూసునే జాగ లేకుంటే బేరం ఎట్ల చేస్తం?"

బాపు లోపలికి పోయి పెద్ద చాప తెచ్చి తలుపు ముందు రోడ్డు మీదనే పరిచాడు. అవ్వ మూట తానే దించి, చీరలన్నీ బయటికి మోసుకొచ్చాడు. పక్క దుకాణాలవాళ్లు మొదట నవ్వారు. దారినపోయేవాళ్లు ఆగి చాప చుట్టూ చేరేసరికి వాళ్లూ చాపలు వెతుక్కున్నారు. ఆ రోజు మా బజారులో చాలాకాలానికి బేరాల గోల విన్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మరునాడే బాపు మేస్త్రిని పిలిచి, దుకాణం ముందు షాబాదు బండలు దింపించి, సైకిలు మీద పోయి చాచాను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. చాచా కుప్పపోసిన బండల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అరుగు కట్టినంక పిలిస్తే రాకపోదునా సేట్, ఇప్పుడే ఎందుకు?"

"మిషను యాడ వెట్టుకుంటవో చూపియ్యి" అన్నాడు బాపు. "మేస్త్రి గా మూల నుంచే మొదలువెడ్తడు."