గజపతినగరంలో గొళ్ళెం ఉన్న గది

ఆ రోజుల్లో లాడ్జి ఎంచుకోవడం ఒక విద్య. ఇప్పటిలా ఫోన్‌లో చుక్కలు లెక్కపెట్టుకుని, ఎవరో పెట్టిన దుప్పటి ఫొటో చూసి మోసపోయే సౌకర్యం ఉండేది కాదు. సెల్‌ఫోన్ అంటే పాము ఆట, అంతే. స్కూలు పిల్లల గైడ్లు అమ్మే ఒక కంపెనీలో కొత్తగా చేరి బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం అంటూ బస్సుల్లో తిరుగుతున్నాను. నాకు పని నేర్పిన సీనియర్‌ని మేమంతా టైఫాయిడ్ మాస్టారు అనేవాళ్ళం (ఎన్ని లాడ్జీల నీళ్ళు తాగితే ఆ పేరొచ్చిందో ఆయనకే తెలియాలి). ఆయన గదిలోకి వెళ్ళగానే మంచం వైపు చూసేవాడు కాదు. తిన్నగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళి బకెట్ తిరగేసి అడుగు చూసేవాడు. "బకెట్ అడుగు తోమినోడు దుప్పటి కూడా ఉతుకుతాడు" అనేవాడు. ఆ తర్వాత తలగడ వాసన, ఫ్యాను, ఆఖరికి కిటికీ. నేనూ ఇవన్నీ శ్రద్ధగా చూసేవాణ్ణి. కానీ వాటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉండేది. ఆ ఊళ్ళో మాకు చుట్టాలున్నారా, లేరా?

మా వైపు చుట్టాలున్న ఊళ్ళో లాడ్జిలో దిగడమంటే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి తిట్టడంతో సమానం. మా ఇంట్లో అయితే ఆ సంగతి ఇంకా పచ్చిగా ఉంది. అక్క పెళ్ళికి మా నాన్న, గజపతినగరం నుంచి వచ్చే మా అత్తకి గాలి వెలుతురు ఉండాలని మంచి లాడ్జిలో గది తీసి పెట్టాడు. అత్త బస్సు దిగింది, ఆ మాట విన్నది, చేతిలో సంచి కింద పెట్టనైనా లేదు. "పుట్టింటి పెళ్ళికొస్తే నాకు లాడ్జీలో గదేట్రా? నానేటి, బేండోళ్ళ జట్టునా?" అని తిరుగు బస్సెక్కి వెళ్ళిపోయింది. (బ్యాండు వాళ్ళు కూడా అదే లాడ్జిలో దిగారన్నది నిజం.) నాలుగేళ్ళు అన్నా చెల్లెళ్ళకి మాటల్లేవు. ఎవరెవరో పూనుకుంటే, సరిగ్గా రెండు నెలల క్రితమే మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి.

అలాంటి సమయంలో కంపెనీ నన్ను మూడు రోజులు గజపతినగరం పొమ్మంది. "తిన్నగా అత్తింటికెళ్ళు. నువ్వు లాడ్జీలో దిగినావని తెలిస్తే అది ఇంక నా మొహం సూడదు" అన్నాడు నాన్న, నేను ఎన్నడూ చూడనంత దిగులుగా. అలాగేనన్నాను. దారిలో మనసు మారింది. అత్తకి రెండు గదుల ఇల్లు, తొమ్మిది మంది మనుషులు. మావయ్య పండించిన గోగు నార కట్టలు ఆ కాలంలో సగం ఇల్లు ఆక్రమించి, ఊరబెట్టిన కంపు కొడుతూ ఉంటాయి. దానికితోడు నా పెళ్ళి గురించి ప్రశ్నలు. మా ఇంట్లోనూ ఐదుగురం ఒకే హాల్లో పడుకునేవాళ్ళం. ఇరవై మూడేళ్ళొచ్చినా, స్నానాల గది మినహా, లోపల గొళ్ళెం పెట్టుకునే గది నాకెప్పుడూ లేదు. ఆ మూడు రోజులు నాకొక గొళ్ళెం కావాలనిపించింది. ఇంత చిన్న కోరిక కోసం తండ్రి మాట తప్పిన వాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

బస్టాండుకి దూరంగా ఉన్న లాడ్జి చూసుకున్నాను. బకెట్ అడుగు అద్దంలా ఉంది. కింద బల్ల దగ్గర లాడ్జి యజమాని రిజిస్టర్ తెరిచాడు. (గుర్తింపు కార్డులు అడిగే అలవాటు అప్పటికి ఆ లాడ్జికి రాలేదు.) అసలు ఇంటిపేరు చెబితే ఆ సంగతి ఊరంతా తిరిగి అత్తకి చేరుతుందని భయపడి, ముందురోజు కొత్తవలసలో రైలు దిగినప్పుడు ఒక కిరాణా కొట్టు బోర్డు మీద చూసిన ఇంటిపేరు చెప్పేశాను. ఊరు కూడా కొత్తవలసే అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"కొత్తవలసా! కొట్టోళ్ళ పిల్లడివా? ఆ కొట్టు మా తోడల్లుడిది కాదేటి! అయితే నువ్వు నాకు కొడుకు వరసవుతావురా బాబూ. పెదనాన్నా అను."

పెదనాన్నా అన్నాను. ఇంకేం చెయ్యను? "ఇప్పుడే మా తోడల్లుడికి ఫోను సేస్తాను" అని ఆయన లేవబోతుంటే, మాకూ ఆ కొట్టు వాళ్ళకీ నాలుగేళ్ళుగా మాటల్లేవన్నాను. అబద్ధాల్లో ఆ నాలుగేళ్ళు మాత్రం ఇంట్లోంచి తెచ్చుకున్నవి. ఆయన ఏమాత్రం అనుమానించలేదు. "పెద్దోళ్ళ గొడవలు పిల్లలకెందుకురా" అని నా భుజం తట్టి, ఊరి వైపు కిటికీ ఉన్న పెద్ద గది ఇచ్చాడు. రెండు రోజులు గొళ్ళెం పెట్టుకున్నాను. పెట్టిన పది నిమిషాలకల్లా "బాబూ, టీ!", "బాబూ, జంతికలు!" అని పెదనాన్న స్వయంగా తలుపు తట్టేవాడు.

మూడో రోజు ఇంటికి భోజనానికి లాక్కెళ్ళాడు. విస్తరి ముందు కూర్చుని పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాను. మజ్జిగ తోడు కోసం చిన్న గిన్నె పట్టుకుని పక్క వీధి నుంచి ఒకావిడ లోపలికొచ్చింది. మా అత్త. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్ళ తర్వాత నాన్న గొంతులోకి వచ్చిన ఆ కాస్త ఉత్సాహం, వారం వారం ఫోను, అన్నీ నా వల్లే పోయాయనుకున్నాను.

"ఎవరమ్మా ఈ పిల్లడు?" అంది అత్త.

"మావోడే. కొత్తవలస, మా సెల్లి వాళ్ళ తాలూకు" అంది లాడ్జి పెద్దమ్మ.

అత్త నన్ను చాలాసేపు చూసింది. "అలాగేటి? కొత్తవలసోళ్ళు పప్పు బాగా తింటారు. ఇంకాస్త ఎయ్యండి" అని, తోడు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పప్పు ఎలా మింగానో నాకే తెలియదు.

గదికి పరుగెత్తి సంచి సర్దుకుని, చుట్టాలింటికి మారిపోతానని పెదనాన్నకి చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. "మన గది ఉండగా ఊళ్ళోవాళ్ళింటికెళ్తావా? మా దగ్గర ఏటి తక్కువైందిరా?" అన్నాడు. సరిగ్గా అత్త గొంతే. సంచి పట్టుకుని ఎటూ కదలలేక మెట్ల మీద నిలబడ్డాను. అప్పుడు అత్తే వచ్చింది. "పిల్లల పుస్తకాల గురించి మాటాడాలి" అని పెదనాన్నకి చెప్పి నన్ను మెట్లెక్కించి గదిలోకి నడిచింది. కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. గోడలు చూసింది, ఫ్యాను వేసి కాసేపు దాని కింద నిలబడింది, బాత్‌రూమ్ తలుపు తీసి చూసింది, మంచం మీద కూర్చుని పరుపు నొక్కింది.

"లాడ్జీ అంటే ఇదేనేట్రా?"

"అవునత్తా."

"మీ నాన్న నాకు ఇలాటి గదే తీసినాడా?"

"దీనికన్నా మంచిదత్తా. బాల్కనీ కూడా ఉంది."

అత్త అరచేత్తో దుప్పటి ముడత సరిచేసింది. "నాను సూడకుండానే ఎల్లిపోనాను" అంది. తర్వాత నా ఫోన్ అడిగి నాన్నకి కలిపించుకుంది. "నీ కొడుకు నా దగ్గరే ఉన్నాడు. తిన్నాడు. నువ్వు బెంగెట్టుకోకు" అంది. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. ఫోన్ తిరిగిచ్చి, "ఒరే, ఇంట్లో తొమ్మిది మంది. పగలు నడుం వాల్సి ఎన్నాళ్ళైందో. కాసేపు తొంగుంటాను, నువ్వు బయటికెళ్ళు" అంది.

నేను వరండాలోకి వచ్చాను. లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. టీ పట్టుకుని పెదనాన్న మెట్లెక్కి వస్తుంటే నోటి మీద వేలు పెట్టి ఆపేశాను. ఆయనకి ఏమీ అర్థం కాకపోయినా, కాళ్ళ చప్పుడు కాకుండా దిగి వెళ్ళాడు. తండ్రికీ, అత్తకీ, లేని పెదనాన్నకీ ఇన్ని అబద్ధాలాడి సంపాదించుకున్న గది బయట, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ ఇరవై మూడేళ్ళ వాడు తలపుకొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ మధ్యాహ్నం మాత్రం వాడు మహా బాధ్యతగా, అత్త లేచేదాకా ఆ తలుపు ఎవరినీ తట్టనివ్వలేదు.