చెరువు మీద నుంచి పాటలు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు రైల్లో తెలిసింది. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి రోజూ ఏలూరు నుంచి పాసింజరులో వెళ్తాను. బండి భీమడోలులో ఆగబోతుండగా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయిందమ్మా. వచ్చెయ్," అంది.   అక్కడే దిగి, ఏలూరు వైపు వెళ్లే బండి కోసం అవతలి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. ఏదో పాట నడుస్తోంది. ఆపాలని చాలాసేపటి దాకా తోచలేదు.

పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. ఆవిడా పెదనాన్నా కొల్లేటి పక్క ఊళ్లో ఉండేవారు. పిల్లలు లేరు. ఒక చేపల చెరువు, ఒక పడవ, ఒక రేడియో ఉండేవి.

చేపలకి మేత వెయ్యడమంటే గట్టు మీద నిలబడి విసరడం అనుకుంటారు చాలామంది. అక్కడ అలా కాదు. తవుడూ నూనె తీసిన చెక్కా కలిపి సంచులకి నింపి, సంచుల అడుగున చిల్లులు పెట్టి, పడవ మీద తీసుకెళ్లి, నీళ్లలో పాతిన వెదురు గెడలకి ఒక్కొక్కటే కట్టుకుంటూ రావాలి. చేపలొచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. పెదనాన్న పడవ నడిపితే పెద్దమ్మ ముందు కూర్చుని సంచులు కట్టేది. రేడియో పాలిథిన్ కవర్లో ఆవిడ పక్కనే ఉండేది. వాళ్లు గడియారం చూడగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దున ప్రాంతీయ వార్తలు ముగియగానే పడవ కదలాలి. తర్వాత వచ్చే సినిమా పాటలు అయ్యేసరికి ఆఖరి సంచి కట్టేసి గట్టు చేరాలి.

సెలవులకి వెళ్తే నన్నూ పడవ ఎక్కించుకునేవారు.

"వార్తలైపోయాయి. చూడవే, ఎలా పైకి వస్తున్నాయో!" అనేది పెద్దమ్మ, నీళ్లలోకి చూపిస్తూ.

"చేపలకి వార్తలెందుకే? వాటికి తవుడు వాసన తెలుస్తుంది," అనేవారు పెదనాన్న.

"మీకు తెలీదు లెండి. ఆ సమ్మె రోజున రేడియోలో వార్తలు రాలేదు. ఒక్క చేప కదిలిందా?"

"మేత పడితే కదా కదలడానికి! వార్తలు రాలేదని సంచులు ముందేసుకుని గట్టు మీద కూర్చున్నది నువ్వు కాదూ?"

నిజమేనట. వార్తలు రాని రోజున పొద్దెక్కేదాకా ఇద్దరూ గట్టు మీదే కూర్చున్నారట. పెద్దమ్మ అది ఒప్పుకునేది కాదు. "మీరు లేవచ్చు కదండీ," అనేది.

పాటలు మొదలైతే ఇక మాటలుండేవి కావు. నేను చదివింది నోరు మెదపని పిల్లల్ని మెచ్చుకునే కాన్వెంటులో. చుట్టాలందరూ "ఈ పిల్లేంటండీ, పలకదు?" అని అమ్మని అడిగేవారు. పడవలో మాత్రం ఎవరూ అడగలేదు.

కిడ్నీలు పాడయ్యాక పెద్దమ్మని ఏలూరు తీసుకొచ్చాం. వారంలో మూడు రోజులు డయాలసిస్. ఊరి నుంచి వచ్చిపోవడం కుదరదన్నారు. మా మేడమీది గది ఆవిడకి ఇచ్చాం. చెరువు వదిలిపెట్టలేక పెదనాన్న అక్కడే ఉండిపోయారు. బతుకంతా నీళ్ల మధ్య గడిపిన మనిషికి నీళ్లు గ్లాసుతో కొలిచి ఇచ్చేవాళ్లం. ఆవిడ కొంచెం తాగి, గ్లాసు కిటికీలో పెట్టుకుని, మిగిలినవి చూస్తూ కూర్చునేది.

తువ్వాలులో చుట్టుకుని రేడియో వెంట తెచ్చుకుంది. మా ఇంట్లో అది పలకలేదు. ఏ గదిలో పెట్టినా ఒకటే గుర్రు. రిపేరు చేసే ఆయన చూసి, "సెట్టు బావుందండీ. మీ ఇన్వర్టరూ, ఈ చుట్టూ వైర్లూ, వీటితో ఇంతేనండీ," అన్నాడు. మరుసటిసారి పెదనాన్న వచ్చినప్పుడు పెద్దమ్మ రేడియో ఆయన చేతిలో పెట్టింది. "మీరు పట్టుకుపోండి. అక్కడైతే పలుకుతుంది."

నేను ఆవిడ ఫోన్లో పాటల యాప్ ఒకటి పెట్టాను.

"లక్షల పాటలున్నాయి పెద్దమ్మా. ఏది కావాలంటే అది వినొచ్చు."

"ఏది కావాలో నాకెలా తెలుస్తుందే? వచ్చాక కదా తెలిసేది!"

అదే ఎంచి వేస్తుందని చెప్పాను. మర్యాదగా వింది. మధ్యలో ప్రకటన వస్తే, "ఈవిడెవరో పాపం, ఏదో కొనమంటోంది," అని ఫోను నాకిచ్చింది. కాసేపయ్యాక, "ఇది ఎప్పుడైపోతుంది?" అని అడిగింది.

"అవదు పెద్దమ్మా. నువ్వు ఆపేదాకా వస్తూనే ఉంటుంది."

ఫోను వైపు జాలిగా చూసింది. "రేడియోకి పొద్దుందే. దీనికి పొద్దు లేదు," అంది.

డయాలసిస్ గదిలో సిగ్నల్ ఉండదు. అక్కడికోసం పాత పాటలు డౌన్‌లోడ్ చేసి, కార్డులో వేసి, చిన్న స్పీకరు కొనిచ్చాను. కొన్నాళ్లు అదే నడిచింది. పక్క మంచం మీద కామవరపుకోట నుంచి వచ్చే రైతు ఒకాయన ఉండేవారు.

"ఏవండీ, ఇవాళా అదే పాటేనాండీ?" అన్నారొకసారి.

"మొన్నటి సూదే కదండీ ఇవాళా గుచ్చారు! పాట ఒక్కటీ కొత్తది కావాలా తమరికి?" అంది పెద్దమ్మ. నర్సుతో సహా అందరూ నవ్వారు.

కానీ ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో, "తర్వాత ఏది వస్తుందో తెలిసిపోతోందే," అంది. "నచ్చని పాట ఒక్కటైనా వెయ్యాల్సింది నువ్వు. అది ఎప్పుడవుతుందా అని చూస్తే పొద్దుపోతుంది." నవ్వులాటకి అంటోందనుకున్నాను. ఒక చేత్తో ఆటో కడ్డీ పట్టుకుని, కాలవ వైపు చూస్తూ, ఇంకో మాట అడిగింది. "మీ పెదనాన్న వింటారే, ఆ పాట ఇందులో వస్తుందా? ఆయన వింటున్నప్పుడే?"

ఆవిడకి కావలసింది పాటలు కావని అప్పుడు తెలిసింది. అంతకుముందు నేను ఏ యాప్ మంచిది, ఏ స్పీకరు బావుంటుంది అని చదువుతూ కూర్చున్నాను. నాకు చదవడం బాగా వచ్చు.

అదే రేడియో నా ఫోన్లో కూడా వస్తుందని వెతికి పట్టుకున్నాను. మరునాడు పొద్దున ప్రాంతీయ వార్తలు శుభ్రంగా, గరగర లేకుండా వచ్చాయి. పెద్దమ్మ మొహం చూసి అమ్మ కిందికెళ్లి నాన్నని పిలుచుకొచ్చింది. వార్తలు ముగియగానే ఆవిడ పెదనాన్నకి ఫోన్ చేసింది.

"వార్తలైనాయండీ. పడవ తియ్యండి!"

"ఎప్పుడో తీశాను. ఇక్కడ పాట మొదలైపోయింది. ఏం వింటున్నావే నువ్వు?"

ఆవిడ ఫోన్లోంచి అక్కడి పాట వినబడుతోంది. మా గదిలో అది ఇంకా మొదలవలేదు. రేడియో ఇంటర్నెట్టులో తిరిగి వచ్చేసరికి కొంచెం వెనకబడుతుందని చెప్పాను. ఎంతో కాదు, పల్లవి ఒకసారి పాడేంత.

"అంటే ఆయన వినేసింది నాకొస్తోందన్నమాట."

"ఆ కాస్త తేడా ఏమవుతుంది పెద్దమ్మా?"

ఆవిడ నా ఫోన్లో రేడియో ఆపేసి, తన ఫోను చెవికి పెట్టుకుని, "రేడియో పక్కన పెట్టండి, ఫోను," అంది పెదనాన్నతో. "ఎందుకే?" అన్నారాయన. "పెట్టండి," అంది.

అలా కుదిరింది వాళ్ల పద్ధతి. రోజూ పొద్దున ఫోన్ చేసేది. ఆయన పడవలో రేడియో పక్కన ఫోను పెట్టి మేత కట్టుకునేవారు. పెద్దమ్మ దిండు మీద ఫోను పెట్టుకుని, పక్కకి తిరిగి పడుకుని వినేది. అంతకన్నా అధ్వాన్నంగా పాట వినడం సాధ్యం కాదు. గాలి మోత, నీళ్ల చప్పుడు, మధ్యలో పక్క చెరువు వాళ్ల కేకలు.

"ఏం వినబడుతోందక్కా ఇందులో?" అని అమ్మ విసుక్కుంటే, "అన్నీ," అనేది.

పాటలు ముగిశాక పెదనాన్న ఫోను తీసుకుని, "అయిపోయాయి. ఉండనా?" అనేవారు. పెద్దమ్మ "ఊ" అనేది. ఆ రోజుకి వాళ్ల మాటలు అవే.

ఒకసారి చెరువుకి తీసుకెళ్తామన్నాం. కారు మాట్లాడాం. డాక్టరు కూడా సరేనన్నారు. పెద్దమ్మే వద్దంది. కాళ్లకి వాపు ఉంది. "నలుగురు పట్టుకుని నన్ను పడవెక్కిస్తే చూడ్డానికేం బావుంటుందే? వాపు తగ్గనీ. నా అంతట నేనే ఎక్కుతాను," అంది. మేము సరేనన్నాం. ఆవిడ మాట గౌరవించామనుకున్నాం. వాపు తగ్గలేదు. కొన్ని మాటలు గౌరవించకుండా ఉండవలసింది.

ఆ రోజు పొద్దున నేను స్టేషనుకి బయల్దేరేటప్పుడు పైన ప్రాంతీయ వార్తలు వస్తున్నాయి. తర్వాత జరిగింది అమ్మ చెప్పింది. ఇడ్లీ తీసుకుని పైకి వెళ్లేసరికి పెద్దమ్మ పక్కకి తిరిగి పడుకుని ఉంది. పాట వస్తోంది. అమ్మ పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది. నాన్నని కేకెయ్యబోయి, దిండు మీద ఫోను చూసి, నోటికి చీరకొంగు అడ్డుపెట్టుకుంది.

నీళ్ల మధ్య పడవలో ఒంటరిగా ఉన్న మనిషికి ఫోన్లో చెప్పే మాట కాదది. అమ్మ కిందికెళ్లి చెప్పగానే నాన్న బండి తీసి చెరువుకి బయల్దేరారు. అమ్మ ఫోను కట్ చెయ్యలేదు. కట్ చేస్తే పెదనాన్న కంగారుపడి తిరిగి చేస్తారు. అక్క పక్కన మంచం మీద కూర్చుని, పాటలన్నీ అయ్యేదాకా వింది. అప్పుడు పెదనాన్న గొంతు వచ్చింది.

"అయిపోయాయి. ఉండనా?"

అక్కచెల్లెళ్ల గొంతులు ఒకేలా ఉంటాయి. అమ్మ "ఊ" అంది.

ఇప్పటికీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అమ్మ తప్పు చేశానేమో అంటుంది. 

నాన్న వెళ్లేసరికి పెదనాన్న ఇంకా చెరువు మధ్యలోనే ఉన్నారట. పడవ నడపడమూ సంచులు కట్టడమూ ఒక్కరే చేసుకోవాలి కాబట్టి, పాటలు అయిపోయినా ఆయన మేత అయ్యేది కాదు. గట్టు మీద నాన్నని చూసి, ఏదో పనిమీద వచ్చి ఉంటాడనుకుని, వస్తున్నానన్నట్టు చెయ్యి ఊపారట. నాన్న కూడా చెయ్యి ఊపి, చెప్పులు విడిచి, గట్టు అంచున నిలబడ్డారు. పెదనాన్న తీరుబాటుగా ఇంకో గెడ దగ్గరికి పోనిచ్చి, సంచి కట్టి, ముడి సరిగా పడిందో లేదో లాగి చూసుకుని, తర్వాతి గెడ వైపు పడవ తిప్పారు.