చింతగింజ బంటు

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఎండుమిరపకాయల పొట్లం విప్పగానే వంటింట్లో ఘాటు లేచి నాకు పొలమారింది. దగ్గుతూనే, పైన మెరుస్తున్న కాయల్ని పక్కకు నెట్టి, చెయ్యి అడుగు దాకా పోనిచ్చి గుప్పెడు పైకి తీశాను. సీలు వేసిన పొట్లమే, తూకం రాసి ఉంది, అయినా నాకు నమ్మకం కుదరదు. కూరగాయలవాడు నవ్వుతూ రెండు వంకాయలు కొసరు వేస్తే ఇంటికొచ్చి మొదట ఆ రెండే కోసి చూస్తాను. ఈ గుణం నాకు మిరపకళ్లంలో అబ్బింది. దీనివల్ల చాలాసార్లు బాగుపడ్డాను, ఒక్కసారి మాత్రం చెడ్డాను. ఆ ఒక్కసారి సంగతే ఇది.

మాది గుంటూరుకు పడమరగా, వినుకొండ బస్సులు ఆగి వెళ్లే నల్లరేగడి ఊరు. మాఘమాసం వచ్చేసరికి ఊరి చుట్టూ కళ్లాలన్నీ ఎర్రబడిపోయేవి. మంచు ఆరీ ఆరకముందే ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని వరసగా కూర్చుని, రంగు తేలిపోయి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరి పక్కన పోస్తుంటే, బడి లేని పూట మేం ఆ గుట్టల మధ్యే తొక్కుడుబిళ్ల ఆడి, అవే చేతులతో కళ్లు నులుముకుని లబోదిబోమని ఏడ్చేవాళ్లం. మధ్యాహ్నం వేడన్నంలోకి పండుమిరపకాయలు నూరిన కొరివికారం, దాని మీద ఇంత వెన్న. శివరాత్రి దగ్గరపడేకొద్దీ ఇంటింటా చిలగడదుంపలు ఉడుకుతున్న తీపివాసన, కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కడుతున్నవాళ్ల కేకలు. మా నాన్న తన పంటతోపాటు చుట్టుపక్కల కాయ కూడా కొని గుంటూరు మిర్చి యార్డుకు తోలేవాడు. ఎవరి కళ్లంలోకి వెళ్లినా పలకరింపు కంటే ముందు బస్తాలోకి చెయ్యి వెళ్లేది. పైన నిగనిగలాడే కాయలు పేర్చి అడుగున తాలు కుక్కడం అందరికీ తెలిసిన విద్యే కనక, మోచెయ్యి మునిగేదాకా దూర్చి, అడుగు కాయ తీసి, విరిచి, గింజ చూసి, అప్పుడు "ఏం బావా, బాగున్నావా" అనేవాడు. సొంత తమ్ముడి బస్తా అయినా అంతే.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడు లెక్కల మాస్టారు సాంబయ్యగారు మా బడిలో చదరంగం మొదలుపెట్టారు. బడి నుంచి ఒక్క ఆడపిల్లనే గుంటూరులో జిల్లా పోటీలకు పంపుతారు. ఆడగా ఆడగా చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ, మాస్టారి కూతురు ఝాన్సీ. నాకు గుంటూరంటే లారీ ముందు సీట్లోంచి చూసిన యార్డు, దగ్గు, అంతే. తెల్ల చొక్కా వేసుకుని వెళ్లి, మైకులో పేరు పిలిపించుకోవాలని నాకు అన్నం సయించనంత కోరికగా ఉండేది.

చీటీ వేస్తే తెల్లపావులు ఝాన్సీకి, నల్లవి నాకు వచ్చాయి. ఝాన్సీతో ఆడినవాళ్లు పది నిమిషాలకే మొహాలు వేలాడేసుకుని లేచి వచ్చేవాళ్లు, ఎలా ఓడారో వాళ్లకే తెలిసేది కాదు. అలాంటి సమయంలో మాస్టారు నన్ను పిలిచి, "అమ్మాయ్, నల్లపావులతో గట్టిగా నిలబడే పద్ధతొకటుంది. సాయంత్రం గంట కొట్టాక ఉండు, చెప్తా" అన్నారు. నాకు సంతోషం కంటే ముందు అనుమానం కలిగింది. కన్నకూతుర్ని ఓడించే విద్య ఏ తండ్రి పరాయి పిల్లకు నేర్పుతాడు?

ఝాన్సీని ఇంటికి పంపేసి, వరండాలో అట్ట బోర్డు పరిచేవారు. నల్లబంట్లలో ఒకటి ఎప్పుడో పోతే దాని బదులు పెద్ద చింతగింజ పెట్టేవారు. మొదటి ఎత్తు దానిదే. తెల్లవాళ్లు రాజు ముందు బంటును రెండు గళ్లు దూకిస్తే, మనం మంత్రి పక్కనున్న శకటు ముందు బంటును, అంటే ఆ చింతగింజను, ఒకే ఒక్క గడి జరపాలి. తర్వాత మంత్రి ముందు బంటును రెండు గళ్లు నడిపి నడిమధ్య నిలబెట్టాలి. చింతగింజ దానికి వెనక కాపు. మూలవాటంగా పోయే శకటును బయటికి పంపాకే రాజు ముందు బంటును జరపాలి. "ముందు గేదెను బయటికి తోలి, అప్పుడు కొట్టం తలుపెయ్యాలమ్మాయ్. తలుపేసి పిలిస్తే గేదె ఎట్టొస్తది?" అనేవారు.

వినడానికి బాగానే ఉండేది. కానీ అందరూ రెండేసి గళ్లు ఉరికిస్తుంటే నేను ఒక్క గడి, అదీ చింతగింజ! పైగా ఝాన్సీతో ఒక్కసారైనా ఆడనివ్వమని అడిగితే వద్దనేవారు. ఎందుకు వద్దు? నేర్చుకున్నది పనికిరాదని ముందే బయటపడుతుందనా? పోటీ ముందురోజు కళ్లంలో నాన్న పక్కన కూర్చుని అంతా చెప్పాను. చేతిలో ఉన్న కాయను తిప్పి చూస్తూనే తీర్పు చెప్పేశాడు.

"ఆయన కూతురితోటి పోటీ అయితే నీకు మంచి ఎత్తు ఎందుకు చెప్తాడే? ఎవడన్నా పైన మంచికాయ పెట్టి అడుగున తాలు పెడతాడు. పైనే తాలు కనపడతంటే ఇంక అడుగేం చూస్తావు?"

నాకు అది వేదవాక్కులా వినిపించింది.

మర్నాడు హెడ్మాస్టరు గదిలో ఆట. ఝాన్సీ రాజు ముందు బంటును రెండు గళ్లు దూకించింది. నా వేలు చింతగింజ మీదికి వెళ్లి, తాకకుండా ఆగింది. కిటికీ దగ్గర మాస్టారు నా వేలునే చూస్తున్నారు. ఆ చూపు నాకు వల పన్ని పిట్ట కోసం కాచుకున్నవాడి చూపులా తోచింది. వేలు వెనక్కి తీసుకుని, నా రాజు ముందు బంటునే రెండు గళ్లు దూకించాను. ఆమె శకటు బయటికి వచ్చింది. నేనొక గుర్రాన్ని తీశాను. ఆమె మంత్రి బోర్డు అంచుకు వచ్చి నిలబడింది. అంత పెద్ద పావు అంత తొందరగా ఊరికే వస్తుందా, ఇదేదో ఎర అనుకుని రెండో గుర్రంతో దాన్ని బెదిరించాను. మంత్రి నింపాదిగా వచ్చి నా రాజును ఆనుకున్న బంటును కొట్టి కూర్చుంది. దానికి దూరం నుంచి శకటు కాపు. నాలుగే నాలుగు ఎత్తుల్లో నా ఆట కట్టు.

కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఝాన్సీ వచ్చింది.

"ఒసేయ్, మా నాన్న చెప్పింది ఎందుకాడలేదే? నీ బంటు నడిమధ్యకొస్తే నా శకటుకి దారే ఉండదు. నాకొచ్చిందల్లా ఈ నాలుగెత్తులే. నీకు నేర్పినదానికి విరుగుడు చెప్పమని వారం నుంచి బతిమాలుతున్నా, చెప్పలా. 'ఆ పిల్లకి నేర్పి, దానికి మందు నీకు చెప్తే నేనింక మాస్టార్నేంటే' అన్నాడు. మనిద్దర్నీ ఆడనివ్వంది కూడా అందుకే."

నాకు ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. గదిలోకి వెళ్లేసరికి మాస్టారు పావులు పెట్టెలో సర్దుతున్నారు. చింతగింజ చేతిలో ఉండగానే తలెత్తి, "మర్చిపోయావా అమ్మాయ్?" అన్నారు.

"అవునండి" అన్నాను.

"మర్చిపోతే ఏముందిలే. రేపు సాయంత్రం ఉండు, మళ్లీ చెప్తా."

నేను ఉండలేదు. ఆ మర్నాడూ ఉండలేదు. గంట కొట్టగానే సంచి భుజాన వేసుకుని పరుగెత్తేదాన్ని. వేసవి సెలవుల్లో ఆయనకు బదిలీ అయింది. ఇంట్లో ఓడిపోయానని మాత్రమే చెబితే, "చూశావా, నే చెప్పలా?" అని నాన్న తృప్తిగా తలాడించాడు. నాన్నని ఆ నమ్మకంతోనే వదిలేశాను.

ఇప్పుడు మా కళ్లం ఉన్నచోట ప్లాట్ల రాళ్లు పాతారు, బడి వరండా పడగొట్టి గదులు కట్టారు. నాన్న చెయ్యి బస్తాలోకి వెళ్లి చాలా ఏళ్లయింది. నేను ఫోనులో ముక్కూమొహం తెలియనివాళ్లతో చదరంగం ఆడతాను. మాస్టారు చెప్పిన పద్ధతికి ఏదో విదేశీ పేరుందని, పెద్ద పెద్ద ఆటగాళ్లు గట్టిగా నిలబడాలంటే దాన్నే ఆడతారని అక్కడే తెలిసింది. నల్లపావులు వస్తే నేను ఇంకోటి ఆడను. ఫోనులో బంట్లన్నీ ఒకే అచ్చువి, చింతగింజ ఉండదు.

మాస్టారు పోయారని నిరుడు ఝాన్సీయే ఎక్కడో నంబరు సంపాదించి ఫోన్ చేసింది. మాటల్లో, "నువ్వు ఆరోజు మర్చిపోయావని మా నాన్న చివరిదాకా అనేవాడే, పిల్ల కంగారుపడిందని" అంది. మర్చిపోలేదు ఝాన్సీ, నమ్మలేదు అని చెప్పబోయాను. చెప్పకుండా పిల్లల సంగతి అడిగాను.

పొట్లం అడుగున తీసిన కాయ విరిచి చూశాను. గింజ పసుపుపచ్చగా, నిండుగా ఉంది. ఇన్నేళ్లలో అడుగు చూడకుండా నేను వెనక్కి నెట్టిన బస్తా మాస్టారిదొక్కటే.