ముందు వరసలో జనరేటరు

దేవుడి తర్వాత ఆర్థర్‌గారికి అంత భయభక్తులున్నది వరస మీదే. ముప్పై నాలుగేళ్లు సర్కారు ఆఫీసులో పెద్ద గుమాస్తాగా వెలగబెట్టిన పని కూడా అదే. మీటింగులో ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలి, శిలాఫలకం మీద ఎవరి పేరు కింద ఎవరి పేరు రావాలి అన్నది ఆయనే తేల్చేవారు. ఒకసారి ఒక ఇంజనీరు పేరు ఒక్క లైను కిందికి జారిందని చెక్కిన రాయిని పగలగొట్టించి మళ్లీ చెక్కించారు. రిటైరయ్యాక ఇంత విద్యా వృథా పోతుందే అని బెంగపెట్టుకుని, కార్ఖానా అనే పేటలో ఉన్న తమ చర్చికి సెక్రటరీ అయ్యారు. పద్మారావు నగర్‌లో ఇంట్లో భార్య రోసమ్మ కూడా ఆయన చూపించిన కుర్చీలోనే కూర్చుని భోంచేస్తుంది, పాపం.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులవి. ఏటా మల్కాజ్‌గిరి మైదానంలో ఆ చర్చివాళ్లు మూడు రోజులు సువార్త సభలు పెట్టేవారు. వేదిక చెక్కలు, మైకు సెట్లు ఒక రెండు చక్రాల ట్రాలీకి ఎక్కించి, దాన్ని ఆర్థర్‌గారి పెద్ద కారు వెనక కొక్కేనికి తగిలించి, పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా వెళ్లేవారు. బండి తోలేది ఆర్థర్‌గారే. ఏడాది పొడుగునా ఆయన ఎదురుచూసేది ఆ ఒక్క పొద్దు కోసమే.

ఆ ఏడు ట్రాలీలోకి ఒక జనరేటరు వచ్చి చేరింది. కాంతమణిగారు, పోయిన భర్త జీవరాజు జ్ఞాపకార్థం ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న సమస్యను ఆర్థర్‌గారు ఒక్క క్షణంలో తేల్చేశారు. దాత పేరున్న వస్తువు ట్రాలీకి ముందు కొసన, అందరికీ కనబడేట్టు ఉండాలి. సభలు ముగిశాక వచ్చే ఆదివారమే సెక్రటరీ ఎన్నిక. చర్చిలో సగంమంది కాంతమణిగారి చుట్టాలే. ఎదురు నిలబడిన కామరాజు ఇంటింటికీ తిరుగుతున్నాడు కూడా.

ట్రాలీ తగిలించి చూసేసరికి బండి వెనక భాగం కూలబడింది. ముందు దీపాలు ఆకాశాన్ని చూస్తున్నాయి.

"సెక్రటరీగారి బండి మోకాళ్లూనిందండోయ్! కాకపోతే వెనక మోకాళ్లు!" అన్నాడు కామరాజు. పాస్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ పూట ఆర్థర్‌గారికి అన్నం సహించలేదు.

మర్నాడు బండినీ ట్రాలీనీ నాసర్ షెడ్డుకు తీసుకెళ్లారు. చర్చికి రెండు వీధుల అవతల, లారీల కమాన్లు, అంటే పట్టీ స్ప్రింగులు, కట్టే మేస్త్రీ నాసర్. అతను గొంతుక్కూర్చుని కింద చూశాడు, లేచి ట్రాలీ చుట్టూ తిరిగాడు.

"బండికి ఏం రోగం లేదు సార్. జనరేటర్ బరువంతా కొక్కెం మీద కూసుంది. జెర వెనకకు, ఇరుసు మీదికి జరుపుండ్రి, అయిపాయె. నాకు పైసలు సుత ఇయ్యద్దు."

"కుదరదు నాసర్. అది జీవరాజుగారి జ్ఞాపకార్థం. వెనక పడేస్తే ఆవిడ ఒప్పుకోదు."

"అడిగిండ్రా?"

"ఇలాంటివి అడుగుతారా ఎవరైనా? మనమే తెలుసుకోవాలి."

నాసర్ నిట్టూర్చి ఇంకో దారి చెప్పాడు. వెనక స్ప్రింగుల లోపల పెట్టే రబ్బరు బుడ్డలుంటాయి. గాలి కొడితే అవి బిగిసి, కుంగిన బండిని పైకి లేపుతాయి. బొంబాయి నుంచి తెప్పించాలి. ఆర్థర్‌గారు సరేనన్నారు.

వారం తర్వాత బుడ్డలు వచ్చాయి. నాసర్ బండిని జాకీల మీద లేపి, చక్రాలు విప్పి, స్ప్రింగులోని రబ్బరు దిమ్మ పీకేశాడు. బుడ్డను చపాతీలా నొక్కి, సబ్బునీళ్లు రాసి స్ప్రింగు సందులోంచి లోపలికి దూర్చాడు. గాలి గొట్టం నంబరు ప్లేటు దాకా తెచ్చి బిగించాడు. ఎడమవైపు మొదలుపెట్టబోతే ఆర్థర్‌గారు ఊరుకోలేదు, కుడివైపే ముందు కావాలని పట్టుబట్టారు. కుడిచేతి మర్యాద స్ప్రింగులకు కూడా ఉంటుందని నాసర్‌కు అప్పుడే తెలిసింది.

"ఇవి వెనకను లేపుతయ్, గంతే. బరువు గింత సుత తగ్గియ్యవు. ముప్పై దాటి గాలి కొట్టియ్యద్దు సార్, యాదుంచుకోండ్రి."

బండి చదునుగా నిలబడింది. అది చూసిన కమిటీ ఊరుకుంటుందా? ప్రసంగపీఠం ఎక్కించారు. అతిథుల కోసం ఆరు టేకు కుర్చీలు ఎక్కించారు. మళ్లీ వెనక భాగం దిగడం మొదలైంది. ఊరేగింపు రోజు పొద్దున్నే ఆర్థర్‌గారు పంక్చరు షాపు ముందు ఆగి బుడ్డల్లో గాలి యాభై దాకా కొట్టించారు. బండి తోక ఎత్తి నిలబడింది. కామరాజు నోరు మూతపడింది. ఆర్థర్‌గారి గుండె నిండిపోయింది.

భర్త ఫోటో ఒళ్లో పెట్టుకుని కాంతమణిగారు వెనక సీట్లో కూర్చున్నారు. బండి వెనక పాటల బృందం నడిచింది. సరిగ్గా నాసర్ షెడ్డు ఎదుట స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగారో లేదో, ఢామ్మంది. స్తోత్రగీతం రెండో చరణంలోనే ఆగిపోయింది. ఎడమవైపు బుడ్డ పగిలి బండి ఆ పక్కకు ఒరిగి కుంగిపోయింది.

నాసర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "గాలి ఎంత కొట్టిచ్చిండ్రు సార్?"

"యాభై," అన్నారు ఆర్థర్‌గారు, వినీ వినబడకుండా.

"ఇప్పుడన్న జనరేటర్ జరుపుతే బండి మంచిగ వోతది. కానీ అమ్మ ఒప్పుకోదంటిరి గదా."

కాంతమణిగారు తలుపు తీసుకుని దిగారు. "ఏ అమ్మ? నేనా? నేనెప్పుడు ఒప్పుకోనన్నాను?"

ఆర్థర్‌గారు వంగి నంబరు ప్లేటు దగ్గరి గాలి గొట్టం కేసి చూడసాగారు.

"మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆఖరి బెంచీ వదల్లేదు ఆర్థర్‌గారూ. పెళ్లిరోజున ముందుకు రమ్మంటేనే ఆయనకు చెమటలు పట్టాయి. అలాంటి మనిషిని చచ్చిపోయాక పట్టుకొచ్చి ఊరందరి ముందూ కూర్చోబెట్టారా? నన్నొక్క మాట అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

ఆవిడ ఫోటోను పైటకొంగుతో తుడిచారు. జీవరాజుగారితో పాటు ఇరవై ఏళ్లు అదే చర్చికి వచ్చి కూడా ఆయన ఎక్కడ కూర్చునేవారో తను ఏనాడూ గమనించలేదని ఆర్థర్‌గారికి అప్పుడు తట్టింది. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయారు.

ఆరుగురు కలిసి జనరేటరును వెనక్కి, ఇరుసు మీదికి జరిపారు. టేకు కుర్చీలు దింపేశారు. నాసర్ రెండో బుడ్డలో గాలి కూడా వదిలేశాడు. బండి దానంతటదే దాదాపు చదునుగా నిలబడింది. "మెల్లగ పోండ్రి," అన్నాడు నాసర్. పాట మళ్లీ మొదటి చరణం నుంచి అందుకున్నారు. మల్కాజ్‌గిరి దాకా ఆర్థర్‌గారు బండిని నడక వేగంతోనే తోలారు.

ఆదివారం ఆరాధన తర్వాత ఎన్నిక మొదలైంది. మొదట లేచింది కాంతమణిగారే. "ఆర్థర్‌గారి పేరు నేను ప్రతిపాదిస్తున్నాను. వరస పిచ్చే గాని మనిషి చెడ్డవాడు కాదు," అన్నారు. పాస్టరుగారు అలవాటు చొప్పున ముందు బెంచీ కేసి చూశారు. అక్కడ రోసమ్మ ఒక్కతే, ఇష్టమొచ్చిన చోట దర్జాగా కూర్చుని ఉంది. అందరూ మెడలు తిప్పి వెతికారు. ఆఖరి బెంచీలో, జీవరాజుగారు కూర్చునే గోడవారన, ఆర్థర్‌గారు చెయ్యి ఎత్తి "ఇక్కడున్నానండీ" అన్నారు. వెనక నుంచి అంత మెల్లగా వచ్చిన ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి చర్చిలో సగంమందికి కాస్త సమయం పట్టింది.