మీ జిల్లా గురించి రాయండి

మా అపార్ట్‌మెంటు ముందు పచ్చికకు తోటమాలి నీళ్లు చిమ్ముతుంటే లేచే తడిమట్టి వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను బెంగళూరు వదిలి అరబ్బు ఎడారిలోని తబూక్ గోధుమ పొలాల్లో పడతాను. నాయన అక్కడ ఒక పెద్ద ఫారంలో ఇంజినీరు. ఇసుక మధ్య గుండ్రటి పచ్చటి పొలాలు, వాటి మీద గడియారం ముల్లులా తిరిగే పొడవాటి నీళ్ల గొట్టాలు, చలికాలం పొద్దున్నే ఆ తుంపరల్లో తడిసొచ్చి అమ్మచేత తిట్లు తినే మేము.

పక్క దేశంతో యుద్ధం వచ్చిన చలికాలం మా ఇండియన్ బడి మూసేశారు. కిటికీలకు టేపులు అంటించుకున్నాం, విమానాలు లేచినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మమ్మల్ని ఇండియా పంపేస్తానని నాయన అంటే అమ్మ ససేమిరా అంది. "పోతే అందరమూ పోదాం, ఉంటే అందరమూ ఉందాం. పాప సదువు మాత్రం నిలిచిపోగూడదు," అని ఫారంలోని మిగతా పిల్లలతోపాటు నన్ను పక్కింటి లిండా ఆంటీ దగ్గర కూర్చోబెట్టింది.

ఆవిడ భర్త ఆ నీళ్ల గొట్టాలు బాగుచేసే అమెరికన్. వాళ్లది కాన్సాస్‌లో ఓ పల్లెటూళ్ల కౌంటీ, మన జిల్లాలాంటిదే. పుస్తకాలు లేవు కనుక ఆవిడ తనకు కంఠతా వచ్చిందే చెప్పింది. అడవిదున్నల వెంట తిరిగిన తొలి జనం, తర్వాత రైలు, విత్తనాల మూటలతో ఆ రైలు దిగిన వలస రైతులు, మట్టంతా గాలికి లేచి ఇళ్లు పూడిపోయిన కరువు, ఆపైన తవ్విన లోతు బావులు. ఇసుకలో కౌంటీ గీసి, ఒక్కో పిల్లను ఒక్కో ఊరుగా నిలబెట్టి, రైలులా కూత పెడుతూ మా మధ్య తిరిగేది. గోధుమ గాదెలున్న ఊరు నేను.

బడి తెరిచాక సోషల్ పరీక్షలో పెద్ద ప్రశ్న: మీ జిల్లా గురించి రాయండి. నాకు రాకపోవడమా! కాన్సాస్ కౌంటీని పేజీల కొద్దీ రాసిపారేశాను. సున్నా వచ్చింది, దాంతో సోషల్ తప్పాను. మళ్లీ అదే తరగతి చదవాలన్నారు.

మర్నాడే అమ్మ నన్ను రెక్కపట్టుకుని బడికి తీసుకెళ్లింది. సోషల్ టీచరు నెల్లూరావిడ. "అనంతపురం పిల్ల అమెరికా గురించి రాస్తే మార్కులు ఎట్టేసేదమ్మా?" అంది.

"తప్పు దానిది గాదు మేడమ్. మా జిల్లా గురించి దానికి నేనే చెప్పలేదు. ఒక వారం టైమియ్యండి. అప్పుడూ రాయకపోతే మీ ఇష్టం."

ఆ వారమంతా మా ఇంట్లో అనంతపురమే. చపాతీల పీట మీద పిండి చల్లి అమ్మ వేలితో పెన్న గీసేది. ఎర్రనేలలు, వేరుశనగ చేలు, వాన కోసం కప్పలకు పెళ్లి చేసే ఊళ్లు, తుంగభద్ర కాలువ. పెన్నలో నీళ్లుండవని, ఇసుకలో చెలమ తవ్వుకోవాలని చెబితే, "లిండా ఆంటీ వాళ్ల ఏరూ అంతేనమ్మా," అన్నాను.

"అయితే ఇంకేం, సగం వచ్చేసినట్టే," అని నవ్వింది.

ఆ మధ్యలోనే ఉగాది వచ్చింది. వేపపువ్వు దొరక్క పచ్చట్లో కాకరకాయ ముక్కలు వేసి, అవి నములుతుంటే కూడా నాచేత తాలూకాలు అప్పజెప్పించింది. మళ్లీ పరీక్ష రాశాను, గట్టెక్కాను.

ఇప్పుడు అమ్మ లేదు. తబూక్‌లో మేమున్న ఫారం కూడా లేదట, నీళ్లు లోతుకు పోయి గోధుమ ఆపేశారట. పాస్‌పోర్టుల మీద, ఇక తిరిగి రావడం లేదనే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడి వచ్చేశాక మళ్లీ ఆ ఊరు చూడలేదు. అనంతపురం ఎండాకాలం సెలవుల్లో చుట్టంలా చూశాను, కాన్సాస్ అసలే చూడలేదు. నేను పుట్టి, తడిసి, తిట్లు తిని పెరిగిన తబూక్ గురించి మాత్రం ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. అడగకపోతే మానేయాలా? అందుకే రాస్తున్నాను. మాది తబూక్.