సూరయ్యగారు వదిలేసిన అప్పు

నిన్న వంటింట్లో మనవరాలు ఎండుకొబ్బరి తురుముతుంటే ఆ తియ్యటి నూనెవాసనకు గుమ్మంలోనే నిలబడిపోయాను. కొత్తపేటలో మా పక్కింటి సూరయ్యగారు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టే అనిపించింది. ఆయన కొబ్బరి వర్తకులు. ఆయన చొక్కాకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. నేను బి.ఏ. చదివానంటే ఆయన డబ్బుతోనే.

ఆయన ఒక్కగానొక్క కూతురు కమల, నేనూ ఒకే తరగతి. నాకు లెక్కలు నేర్పింది కమలే. స్కూలు ఫైనలు పాసయ్యాక, కాలేజీకి పంపమని తను తండ్రిని అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "డిగ్రీ ఎందుకే నీకు? కొబ్బరికాయలు లెక్కెట్టడానికా?" అని ఆయన నవ్వేశారు. కోపంగా కాదు, ముద్దుగానే అన్నారు. ఆ వేసవిలోనే రాజోలు సంబంధం కుదిర్చి పెళ్లి చేశారు. ఏడాది తిరిగేసరికి కాన్పులో కమల పోయింది. బిడ్డా దక్కలేదు.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన వర్తకం వైపే వెళ్లలేదు. ఒక సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. మా నాన్న కౌలు రైతు. చదివించే తాహతు లేక నన్ను ఇంట్లోనే ఉంచేశారు.

"సుభద్రని కాకినాడ కాలేజీకి పంపుదామండీ. ఖర్చు నేను చూసుకుంటాను," అన్నారు సూరయ్యగారు.

"ఊరికే ఇస్తే వద్దండీ," అన్నారు నాన్న.

"పోనీ అప్పనుకోండి. నోటు రాసిద్దురుగాని."

"ఆడపిల్లకి డిగ్రీ ఎందుకంటారేమోనండీ, ఊళ్లోవాళ్లు."

సూరయ్యగారు తల దించుకున్నారు. "ఆ మాట నేనే అన్నానండీ," అన్నారు.

అలా నేను జొన్నాడ రేవులో పంటు మీద గోదావరి దాటి కాకినాడ వెళ్లాను. పట్టా వచ్చింది. అమలాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో టీచరుద్యోగమూ దొరికింది. మొదటి జీతం, పట్టా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన డబ్బువైపు చూడలేదు. "ఇందులో నీ పేరెక్కడుందమ్మా?" అని అడిగారు. చూపించాను. ఇంగ్లీషు రాని ఆ వేలు అక్షరాల మీదుగా మెల్లగా కదిలింది.

"కమల పేరు ఇంగ్లీషులో ఎలాగుంటాదో ఓసారి రాసి చూపించమ్మా."

కాగితం మీద రాశాను.

"పక్కన ఆ బి.ఏ. కూడా పెట్టు."

పెట్టాను. ఆయన ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని శబ్దం లేకుండా ఏడ్చారు. నేనూ ఆపుకోలేకపోయాను. కాసేపటికి జీతం డబ్బు నా చేతిలో పెట్టి వేళ్లు మూశారు.

"ఇంక అప్పు లేదమ్మా. నోటు చింపేస్తున్నానని నాన్నగారితో చెప్పు."

"నాన్న ఒప్పుకోరు బాబాయిగారూ."

"ఆయనకి కూతురుంది కదమ్మా. ఒప్పుకుంటారు."

నాన్న దెబ్బలాడటానికే వెళ్లారు. తిరిగొచ్చాక ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

సూరయ్యగారు పోయి చాలా ఏళ్లయింది. పిల్లని బడి మాన్పించడానికి వచ్చిన తండ్రుల్ని నా ఉద్యోగకాలంలో ఎందర్నో చూశాను. వాళ్లమీద కోప్పడటం నాకు చేతకాలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి కమల సంగతి చెప్పేదాన్ని. కొందరు పిల్లని మళ్లీ తరగతికి పంపేవారు. కొందరు "ఆయ్, నిజమేనండీ" అంటూనే పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోయేవారు. పాసై వెళ్లినవాళ్లు ఎదురుపడితే ఇప్పుడు పోల్చుకోలేకపోతున్నాను. అలా చదువు మధ్యలో వెళ్లిపోయిన పిల్లల ముఖాలు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.