గంజి పెట్టిన కట్లు

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో నేను రాజమహేంద్రవరంలో ఓ ఆసుపత్రిలో నర్సుగా చేరాను. పుండ్లకు కట్టే గుడ్డలు నా అంత తెల్లగా ఎవరూ ఉతకలేరని నా ధీమా. మరిగించి, మా అమ్మ చీరలకు పెట్టినట్టే గంజి పెట్టి, ఆరేసి బీరువాలో మడతపెట్టేదాన్ని.

వంతెన పనిలో రాయి పడి కాలు నలిగిన సత్తెమ్మకు ఓ ఉదయం కట్టు మార్చబోయాను. డాక్టరమ్మగారు పక్కనే ఉన్నారు. మడత విప్పితే గుడ్డ నిండా చీమలు! దులిపేసి కట్టబోతుంటే సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగండి నర్సమ్మగారూ. పొద్దుట్నించీ చూస్తన్నాను. ఈ చీమలు ఆ చీము గుడ్డల బాల్చీలోంచే మీ బీరువాలోకి పోతన్నాయండి. మీరు చేతులు కడుక్కున్నారు గానీ, ఇయ్యి కాళ్ళు కడుక్కోలేదు కదండీ!"

డాక్టరమ్మగారు చీమల బారు వెంటే బాల్చీ దాకా వెళ్ళి చూసొచ్చారు. "గంజి రుచికి వచ్చాయి. బాల్చీలో విషం ఈ పుండుకి అంటితే కాలు తీసెయ్యాల్సొచ్చేది" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బీరువాలో గుడ్డలన్నీ నేనే మళ్ళీ మరిగించాను. పుండు మానాక సత్తెమ్మ రెండు కాళ్ళతో ఇంటికి నడిచి వెళ్ళింది.

గుడ్డలు నా అంత తెల్లగా ఇప్పటికీ ఎవరూ ఉతకలేరు. గంజి మాత్రం నా చీరలకే.